హైడ్ పార్క్ ఎండ, ద క్యూర్, సైమన్ గాలప్ బేసూ

లైవ్ ఆల్బమ్ అంటే నాకు పెద్ద గౌరవం లేదు, ఇప్పటికీ లేదు. స్టూడియోలో కుదురుగా చేసిన పాటనే కాస్త స్పీడు పెంచి, కాస్త శ్రుతి వదిలేసి, మధ్యలో జనం ఈలలు కలిపి ఉన్న అభిమానులకే ఇంకోసారి అమ్మే సరుకు, ఎక్కువసార్లు అంతే. కానీ ద క్యూర్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ వాళ్ళు 2019 అక్టోబర్‌లో వదిలిన లండన్ హైడ్ పార్క్ కచేరీ గురించి మాత్రం నన్ను న్యాయం చెప్పమనకండి, ఆ ఈలల్లో ఎక్కడో నాదీ ఒకటుంది. 2018 జులై 7 సాయంత్రం నేనక్కడే ఉన్నా. మొన్న కార్లో చాలా రోజులకి మళ్ళీ పెట్టా, పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ ఆగిపోయింది, పాట ఆగలేదు, అదీ ఇదీ గుర్తొచ్చి ఇదంతా రాయాలనిపించింది.

వీళ్ళెవరో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 1976, 77ల్లో పంక్ అనే మొరటు రాక్ సంగీతం వచ్చి ఇంగ్లండ్‌ని ఒక ఊపు ఊపింది కదా, వాయించడం రాకపోయినా పర్లేదు స్టేజ్ ఎక్కెయ్ అని కుర్రాళ్ళకి ధైర్యం ఇచ్చి తొందరగానే చల్లబడింది. ధైర్యం మిగిలింది, కోపం స్థానంలో దిగులు చేరింది, గిటార్ కాస్త వెనక్కి జరిగి బేస్, అంటే కింది స్వరాల గిటార్, ముందుకొచ్చింది. పోస్ట్ పంక్ అంటే నా మటుకు నాకు అదే, పుస్తకాల్లో ఏం రాసుకున్నా సరే. ద క్యూర్ లండన్ వాళ్ళు కూడా కాదు, క్రాలీ అని దక్షిణాన ఒక ఊరు, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ప్లాన్ గీసి కట్టిన కొత్త టౌన్, గాట్విక్ ఎయిర్‌పోర్ట్ దాని పొలిమేరలోనే ఉంటుంది. 1978 జులైలో ఆ ఊళ్ళో రాకెట్ అనే పబ్బులో మొదటిసారి ద క్యూర్ అన్న పేరుతో వాయించారు. సరిగ్గా నలభయ్యేళ్ళకి హైడ్ పార్క్‌లో అరవై అయిదు వేల మంది ముందు.

నాకు వీళ్ళని అంటించింది మా లండన్ ఆఫీసులో ఒక పెద్దాయన. మెయిన్‌ఫ్రేమ్ అనే పాతకాలం పెద్ద కంప్యూటర్ల మనిషి, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డాడు, రోజూ నల్ల చొక్కానే, టీలో పాలు ఎవరు పోసినా నచ్చదు. ఒకరోజు నైట్ షిఫ్ట్‌లో బ్యాచ్ రన్ అవుతుంటే ఖాళీగా కూర్చుని ఏం పాటలు వింటావు అంటే ఇళయరాజా అన్నా, ఆయనెవరు అంటే అరగంట చెప్పా, బేస్ గిటార్‌ని పాటలో ఎలా నడిపిస్తాడో ఫోన్‌లో పెట్టి మరీ వినిపించా. బేస్ అనగానే ఆయన నిటారుగా కూర్చున్నాడు. మర్నాడు నా డెస్క్ మీద ఒక క్యాసెట్ ఉంది. పెట్టె మడత విరిగిపోయి రబ్బర్ బ్యాండ్ వేసి ఉంది, లోపలి కాగితం అంచులు అరిగి తెల్లబడిపోయాయి. 1984లో వచ్చిన ద క్యూర్ వాళ్ళ మొదటి లైవ్ ఆల్బమ్, పేరు కూడా సింపుల్‌గా కాన్సర్ట్. ఒక వైపు కచేరీ, రెండో వైపు క్యూరియాసిటీ అని పాత డెమోలూ విడి ముక్కలూ, అది క్యాసెట్ కొన్నవాళ్ళకి మాత్రమే దొరికేది, ఎల్పీలో లేదు. ఆ కచేరీ 1984 మేలో లండన్ హామర్‌స్మిత్ ఓడియన్‌లోనూ ఆక్స్‌ఫర్డ్‌లోనూ రికార్డ్ చేశారు, హామర్‌స్మిత్‌లో కుర్రాడిగా ఆయన ఉన్నాడట. చప్పట్లు వచ్చిన చోట వేలు పెట్టి ఇది నేనే అనేవాడు, మేమందరం నవ్వేవాళ్ళం.

క్యాసెట్ వినడానికి నా దగ్గర ప్లేయరెక్కడిది, ఫోన్‌లోనే వెతుక్కుని విన్నా. అప్పుడు మేం ఈస్ట్ హామ్‌లో ఉండేవాళ్ళం, కింద మన వాళ్ళ కిరాణా షాపు, పైన మా రూమ్, కరివేపాకు వాసన మెట్ల దాకా వచ్చేది. రూమ్మేట్‌ది కరీంనగర్. పొద్దున్నే నేను పెట్టిన పాట విని బ్రష్ నోట్లోనే పెట్టుకుని బయటికొచ్చాడు, "ఏందిరా బై, పొద్దుగాల పొద్దుగాల ఎవలన్న సచ్చిండ్రా?" అన్నాడు. వాడి తప్పేం లేదు, వాడు విన్నది 1982 నాటి పోర్నోగ్రఫీ ఆల్బమ్ పాట, దాంట్లో నిజంగానే ఎవరో పోయినట్టే ఉంటుంది.

హైడ్ పార్క్ టికెట్లు అమ్మకానికి పెట్టగానే పెద్దాయనే నాక్కూడా కలిపి కొన్నాడు, ఎవరో రాలేమంటే ఇంకొకటి మిగిలింది, మా వాణ్ణి అడిగా. "గీ ఏడుపు పాటలకు గన్ని పౌండ్లు వెట్టుడేందిరా" అని, ఫ్రీ అని తెలిశాక "సరే నడువ్" అన్నాడు.

ఆ రోజు లండన్ ఎలా ఉందో చెప్తే నమ్మరు. అదే రోజు ఎల్జీబీటీ వాళ్ళ ప్రైడ్ ఊరేగింపు, అదే రోజు ఫుట్‌బాల్ వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్, ఇంగ్లండ్‌కీ స్వీడన్‌కీ. మైల్ ఎండ్ స్టేషన్‌లో సెంట్రల్ లైన్ మెట్రోకి మారాం, ఆ డబ్బాలో ఒక పక్క ఇంద్రధనుస్సు జెండాలు కప్పుకున్న పిల్లలు, ఒక పక్క మొహాలకి తెలుపూ ఎరుపూ పూసుకుని సగం తాగి ఉన్న ఫుట్‌బాల్ జనం, మధ్యలో యాభై దాటిన ఆడవాళ్ళూ మగవాళ్ళూ నల్ల బట్టలేసుకుని, కాటుక దిద్దుకుని, కొంతమంది జుట్టు దువ్వి పైకి నిలబెట్టుకుని, సెంట్రల్ లైన్‌లో ఏసీ ఉండదు కదా, ఆ కాటుక అప్పుడే కారడం మొదలైంది. ఎవరూ ఎవరితోనూ గొడవ పడలేదు. ఇంగ్లండ్ 2-0తో గెలిచింది, సాయంత్రమంతా ఎక్కడ చూసినా కప్పు ఇంటికొచ్చేస్తోందని పాడుకోవడమే. (రాలేదు లెండి, సెమీస్‌లో క్రొయేషియా చేతిలో పోయారు.)

ఎండ సంగతి. 2018 వేసవి అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు, అప్పటికి ఇంగ్లండ్‌లో రికార్డు వేసవి అది, హైడ్ పార్క్ గడ్డంతా పసుప్పచ్చగా ఎండిపోయి నడుస్తుంటే దుమ్ము లేచేది. ముప్ఫై డిగ్రీల దగ్గర్లో ఉందేమో, మా గుంటూరోళ్ళకి అదొక లెక్కా, కానీ చుట్టూ జనం ఎర్రగా కందిపోయి చెట్టు నీడ కోసం కొట్టుకుంటున్నారు. మా పెద్దాయన నల్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా మాత్రం తీయలేదు. మధ్యాహ్నం నుంచీ స్లోడైవ్, రైడ్, ఎడిటర్స్, గోల్డ్‌ఫ్రాప్, ఇంటర్‌పోల్ అని బ్యాండ్లు వరసగా వచ్చాయి, సగం మంది వీళ్ళ పాటలు విని పెరిగినవాళ్ళే. వాళ్ళని నేను సగం చెవితోనే విన్నా, అవతల నీళ్ళ లైన్‌లో ఉన్నా.

ఎనిమిది దాటాక వచ్చాడు రాబర్ట్ స్మిత్, ద క్యూర్ గాయకుడు. యాభై తొమ్మిదేళ్ళు. జుట్టు అదే చెదిరిన గూడు, పెదాల మీద అదే గీత దాటిన లిప్‌స్టిక్, తెల్లారేదాకా ఆడి ఇంకా రంగు కడుక్కోని వీధి భాగోతం వేషగాడిలా ఉన్నాడు. మొదటి పాట ప్లెయిన్‌సాంగ్, 1989 నాటి డిసింటిగ్రేషన్ ఆల్బమ్‌లో మొదటిది. గాలి గంటల చప్పుడుతో మొదలై ఒక్కసారిగా కీబోర్డులు గోడలాగా లేస్తాయి. తమాషా ఏంటంటే ఆ పాటలో మొదటి మాటే చీకటి పడింది, వానొచ్చేలా ఉంది అని. పైన ఎండ ఫెళ్ళున కాస్తోంది, జనం చేతులు అడ్డం పెట్టుకుని స్టేజ్ వైపు చూస్తున్నారు. కాసేపటికి ఆయనే మైకులో చెప్పాడు, ఎండ దిగేదాకా నేను మాట్లాడలేను, దుమ్మై రాలిపోకుండా నిలబడ్డానికే ఉన్న ఓపికంతా అయిపోతోంది అని. అరవై అయిదు వేల మందీ ఒకేసారి నవ్వారు.

నిజం చెప్పాలంటే ఆ మొదటి గంట నాకు అంతంతమాత్రం. మేమున్నది బాగా వెనక. హైడ్ పార్క్ చుట్టూ డబ్బున్నవాళ్ళ ఇళ్ళు, అక్కడ శబ్దానికీ టైముకీ గట్టి రూల్సు ఉంటాయి, 2012లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, పాల్ మెకార్ట్‌నీ కలిసి పాడుతుంటేనే కర్ఫ్యూ దాటిందని మైకులు కట్ చేశారు. గాలి ఇటు తిరిగితే బేస్ వినపడేది, అటు తిరిగితే పక్కన అమ్మాయి ఎవరితోనో బ్రేకప్ గురించి చెప్పుకుంటున్న కథ వినపడేది. మా వాడైతే ఫోన్‌లో మ్యాచ్ గోల్స్ రిపీట్ చూసుకుంటున్నాడు.

అప్పుడు ఎ ఫారెస్ట్ వచ్చింది. ఎండ చెట్ల వెనక్కి దిగిపోయి స్టేజ్ లైట్లు అప్పుడప్పుడే తెలుస్తున్నాయి.

ఈ పాట గురించి కొంచెం ఆగి చెప్తా. 1980లో వచ్చింది, వీళ్ళ రెండో ఆల్బమ్ సెవెంటీన్ సెకండ్స్‌లోది. దాని బేస్ నేర్చుకోవడానికి పెద్ద విద్య అక్కర్లేదు, ఎ, సి, ఎఫ్, డి అని నాలుగు స్వరాల చుట్టూ తిరుగుతుంది, ఒక్కోదాన్నీ పరిగెత్తుతున్నట్టు ఆపకుండా మీటుతూ పోవడమే. ఆ పరుగు మీద గిటార్ మంచులాగా వచ్చీరానట్టు ఉంటుంది. పాట చివర ఒక్కొక్కరూ తప్పుకుంటారు, డ్రమ్స్ ఆగిపోతాయి, గిటార్ ఆగిపోతుంది, బేస్ ఒక్కటే మిగిలి నాలుగు దెబ్బలు కొట్టి ఊరుకుంటుంది. లైవ్‌లో ఆ చివరి భాగాన్ని సాగదీస్తారు, జనం బేస్‌తో పాటు చప్పట్లు కొడతారు, బ్యాండ్‌లో మిగతా అందరూ నిలబడి చూస్తుంటారు. ఆ బేస్ వాయించేది సైమన్ గాలప్. సన్నటి మనిషి, గిటార్ మోకాళ్ళ దాకా వేలాడుతుంటుంది, ఒక చోట నిలబడడు, స్టేజ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతూనే ఉంటాడు, ముందున్న స్పీకర్ మీద ఒక కాలు పెట్టి జనం వైపు వంగుతాడు. స్మిత్ కదలడు, ఇద్దరి కదలికా ఈయనే కదులుతాడు.

మా రూమ్మేట్ ఫోన్ జేబులో పెట్టాడు. చప్పట్లు కొట్టాడు. పెద్దాయన కళ్ళు మూసుకుని తొడ మీద వేళ్ళతో ఆ నాలుగు స్వరాలూ నొక్కుకుంటున్నాడు.

ఇక్కడ విషయం ఏంటంటే, ఆయన ప్రాణంగా దాచుకున్న 1984 క్యాసెట్‌లో గాలప్ లేడు. 1982 టూర్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో ఒక క్లబ్బులో గాలప్‌కీ స్మిత్‌కీ కొట్లాట అయింది, టూర్ ముగిశాక గాలప్ వెళ్ళిపోయాడు. మళ్ళీ 1985 నాటి ఆల్బమ్‌కి గానీ కలవలేదు. మధ్యలో బేస్ పట్టుకున్నది ఫిల్ థోర్నలీ, అసలు పోర్నోగ్రఫీ ఆల్బమ్‌కి స్మిత్‌తో కలిసి ప్రొడ్యూసర్ ఆయన, మంచి పనోడే. డ్రమ్స్ ఆండీ ఆండర్సన్. స్మిత్ అదే రోజుల్లో సూక్సీ అండ్ ద బాన్షీస్ అనే ఇంకో బ్యాండ్‌లో కూడా గిటార్ వాయిస్తూ రెండు పడవల మీద కాళ్ళు పెట్టి నలిగిపోయి ఉన్నాడు. కాన్సర్ట్ ఆల్బమ్ వింటే ఆ అలసటా కసీ రెండూ తెలుస్తాయి, పది పాటలే, మాటల్లేవు, ఆండర్సన్ డ్రమ్స్ తలుపులు విరగ్గొడుతున్నట్టు ఉంటాయి. దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఎ ఫారెస్ట్ దాంట్లోనూ ఉంది, వినండి, స్వరాలన్నీ ఉన్నాయి, ఆ మనిషి లేడు.

ఈ మాట అంటే పెద్దాయనకి కోపం వచ్చేది. ఆండర్సన్ లాంటి డ్రమ్మర్ వీళ్ళకి మళ్ళీ దొరకలేదు, నువ్వు బేస్ బేస్ అని చెవులు పాడుచేసుకున్నావు అనేవాడు. నేను కాన్సర్ట్ ఎండిపోయిన రికార్డు అనేవాణ్ణి. ఈ వాదన చాలా నెలలు నడిచింది, లంచ్‌లో, లిఫ్ట్‌లో, ఒకసారి ప్రొడక్షన్ డౌన్ అయి మేనేజర్లందరూ కాల్‌లో ఉంటే మ్యూట్‌లో పెట్టుకుని కూడా. 2019 ఫిబ్రవరిలో ఆండీ ఆండర్సన్ క్యాన్సర్‌తో పోయాడు. ఆ రోజు పెద్దాయన డెస్క్ దగ్గర ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరితోనూ మాట్లాడలేదు, నేనూ బేస్ ఊసెత్తలేదు.

హైడ్ పార్క్‌కి మళ్ళీ వస్తా. చీకటి పడ్డాక వాళ్ళు వేరే బ్యాండ్ అయిపోయారు, డిసింటిగ్రేషన్ అన్న పాటతోనే మెయిన్ సెట్ ముగించి, తర్వాత వచ్చి అందరికీ తెలిసిన పాటలు వరసగా కొట్టారు. ఫ్రైడే ఐ యామ్ ఇన్ లవ్ మొదలవగానే మా వాడు నా భుజం మీద ఒక్కటిచ్చి "అరేయ్ గీ పాట నాకెరుకే, సూపర్‌మార్కెట్ల వస్తది" అని గెంతులేశాడు. చివరికొచ్చేసరికి కాలం వెనక్కి నడిచింది, బాయ్స్ డోంట్ క్రై నుంచి ఆఖరి దాకా అన్నీ 1978, 79 నాటి పాటలే. అంతకు ముందు అరగంట కీబోర్డులతో ఆకాశం కప్పేసినవాళ్ళు ఇప్పుడు రెండు మూడు నిమిషాల బక్క పాటలు వాయిస్తున్నారు, వంటింట్లో కొళాయి కారుతుంటే కూర్చుని చూసే కుర్రాడి పాట, ఎవరో నడిపే రైలెక్కి ఫ్యాషన్ల వెంట పోయేవాళ్ళని వెక్కిరించే పాట. స్మిత్ స్టేజ్ మీద రాకెట్ పబ్బు సంగతి గుర్తు చేసుకున్నాడు, నలభయ్యేళ్ళకి ఏం చేస్తుంటావని అప్పుడడిగితే తప్పే చెప్పేవాణ్ణేమో అన్నాడు. నాకు ఆ కచేరీ మొత్తంలో బాగా నచ్చింది ఈ పేద పాటలే, అంత పెద్ద స్టేజ్ మీద వాటికి కొత్త బట్టలు తొడగకుండా అలాగే వాయించడం.

ఆఖరి పాట మాత్రం నాకు గొంతులో అడ్డం పడింది. వాళ్ళ మొదటి సింగిల్, 1978 డిసెంబర్‌లో వచ్చింది, కిల్లింగ్ ఎన్ అరబ్, అంటే అరబ్బుని చంపడం. ఫ్రెంచి రచయిత ఆల్బేర్ కామూ నవలలో బీచ్ మీద జరిగే హత్య ఆధారంగా రాసిన పాట, అందులో ద్వేషం లేదు, నవల చదివినవాళ్ళకి తెలుస్తుంది. కానీ చదవనివాళ్ళు దాన్ని ఎలా వాడుకున్నారో కూడా తెలుసు, 1980ల్లో అమెరికాలో అరబ్బు సంఘాలు గొడవ చేస్తే ఆ పాట ఉన్న సంకలనం మీద జాత్యహంకారానికి వాడొద్దని స్టిక్కర్ అంటించాల్సి వచ్చింది. ఫుట్‌బాల్ గెలిచి తాగి ఉన్న ఊళ్ళో, ఆ మాటని చుట్టూ వేలమంది గొంతెత్తి పాడుతుంటే, వాళ్ళ మధ్యలో మా ఇద్దరివే గోధుమ రంగు మొహాలు. ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు, ఒకాయన మా వాడికి బీరు కూడా ఇచ్చాడు. అయినా సరే నేనా పాటకి నోరు కలపలేదు, ఆల్బమ్‌లో కూడా అదే ఆఖరిది, కొళాయి పాట అవ్వగానే ఆపేస్తా.

ఆల్బమ్ వచ్చినప్పుడు పెద్దాయనా నేనూ చెరొక పెట్టె కొన్నాం. హైడ్ పార్క్ కచేరీ మీద టిమ్ పోప్ తీసిన సినిమా డిస్కూ, నాలుగు సీడీలూ. అందులో సగం ఇంకో కచేరీ, హైడ్ పార్క్‌కి రెండు వారాల ముందు జూన్ 24న రాయల్ ఫెస్టివల్ హాల్లో జరిగింది, మొదటి ఆల్బమ్ నుంచి ఒక్కో పాటా ముందుకొచ్చి, మళ్ళీ అక్కణ్ణుంచి వెనక్కి నడుస్తారు. తెలివైన ఐడియా, సౌండ్ కూడా శుభ్రంగా ఉంటుంది, విమర్శకుల దృష్టిలో అదే గొప్పది కావచ్చు. నేను దాన్ని తక్కువ వింటా.

హైడ్ పార్క్ సీడీలో ఎండ లేదు, దుమ్ము లేదు, బ్రేకప్ అమ్మాయి లేదు. స్మిత్, పాల్ కార్కెట్ కలిసి మిక్స్ చేశారు, ఆ రోజు గాలి ఎత్తుకుపోయిన బేస్ అంతా తిరిగి తెచ్చి మధ్యలో కూర్చోబెట్టారు. నేనక్కడ నిలబడి వినలేకపోయిన కచేరీ ఇది. ప్లెయిన్‌సాంగ్ ఇంత బాగా వాయించారని సీడీ వచ్చాకే తెలిసింది, ఆ రోజు నాకు తెలిసిందల్లా చెమట. ఎ ఫారెస్ట్ చివర్లో మాత్రం సీడీ, నేనూ ఒకచోటికొస్తాం. ఆ చప్పట్లు గాలప్ దెబ్బ మీద సరిగ్గా పడవు, కొంచెం వెనక పడి పరుచుకున్నట్టు నాకు వినిపిస్తాయి, ముందు వరసకీ మా దాకా ఉన్న దూరానికీ శబ్దం రావాలి కదా, మేం కొట్టేసరికే ఆలస్యం. ఆ ఆలస్యంలో మేం ముగ్గురం ఉన్నాం. పెద్దాయన లాగే నేనూ ఇప్పుడు మా ఆవిడకి వేలు పెట్టి చూపిస్తుంటా, ఇది నేనే అని. ఆవిడ పట్టించుకోదు.

గాలప్ 2021లో కూడా ఒకసారి బ్యాండ్ వదిలేశానని ప్రకటించాడు, రెండు నెలలకి మళ్ళీ ఉన్నానన్నాడు. పెద్దాయన రిటైరై సముద్రం ఒడ్డున ఊరికి మారిపోయాడు, చూశావా నీ బేస్ మనిషి అని మెసేజ్ పెట్టాడు. 2024 నవంబర్ 1న పదహారేళ్ళ తర్వాత కొత్త ఆల్బమ్ వదిలి అదే రాత్రి లండన్‌లో ట్రాక్సీ అనే హాల్లో మూడు గంటలు వాయించారు, యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చారు. ఇక్కడ హైదరాబాద్‌లో అర్ధరాత్రి ఒకటిన్నర, ఇంట్లో అందరూ నిద్ర, నేను హాల్లో ఇయర్‌ఫోన్స్‌తో, ఆయన అక్కడ, ఇద్దరం మెసేజ్‌లలో కొట్టుకుంటూ చూశాం. ఎ ఫారెస్ట్ కూడా వాయించారు, అద్భుతంగా. తీరా దాన్ని లైవ్ ఆల్బమ్‌గా వదిలినప్పుడు కొత్త ఆల్బమ్‌లోని ఎనిమిది పాటలే పెట్టారు, డబ్బులు వార్ చైల్డ్ అనే సేవా సంస్థకి వెళ్తాయి కాబట్టి తిట్టడానికి కూడా లేదు. కాబట్టి ఎ ఫారెస్ట్ ఈ కాలపు లైవ్‌లో కావాలంటే హైడ్ పార్క్‌దే పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, ఆ నాలుగు స్వరాలే వినపడవు.